నున్నని అరచేతులు

తనకల్లు,
18 ఆగస్టు 2025.

స్నేహితుడు భరత్‌కుమార్‌కు చౌడప్ప నమస్కారాలు. ఇక్కడ వాన ఒక్కటి తప్ప అన్నీ ఉన్నాయి, అందరం క్షేమం. నువ్వు, చెల్లెమ్మ లక్ష్మీప్రసన్న, పాప అంజలి బాగున్నారని తలుస్తాను.

నేను ఇల్లు చేరి రెండు నెలలైంది. ఆస్ట్రేలియాలో శనక్కాయ సేద్యం చూడడానికి వచ్చిన నన్ను యాభై రెండు రోజులు మీ ఇంట్లో పెట్టుకున్నారు. చెల్లెమ్మ ఎక్కడెక్కడో వెతికి రాగిపిండి తెచ్చి నాకోసం సంగటి కెలికింది. ఆ తల్లి చేతి ముద్ద మరచిపోను.

మొన్న నీ మెసేజి చూశాను. బావి కథ చెప్పమని అంజలి ప్రతి ఆదివారం వెంటపడుతోందని, నాన్నంటే దానికి ఎంత గర్వమోనని మురిసిపోయావు. దానికి జవాబు ఇది. ఫోనులో అయితే నడిమధ్యలో మాట మార్చేస్తావు.

ఆ కథ నేనూ విన్నాను కదా, మీ భోజనాల బల్ల దగ్గరే. మా బావిలో పూడిక తీస్తుంటే మట్టి జారిందనీ, నేను ఏడుస్తూ పారిపోయాననీ, లోపలున్న ఎర్రన్నను తాడు పట్టి నిలబెట్టింది నువ్వేననీ. వచ్చినవాళ్లంతా నావైపు తిరిగారు. నువ్వు నా భుజం తట్టి, "పోనీలేప్పా, అప్పుడు చిన్నోళ్లం, నేను ఎప్పుడో మర్సిపోయినా" అన్నావు. నన్ను క్షమించేశావు!

పదహారేళ్లప్పుడు, ఆ మార్చిలో, తాడు ఇద్దరం పట్టుకున్నాం. మట్టి జారగానే వదిలేసి పరుగెత్తినవాడివి నువ్వు. ఎర్రన్న ఆ తాడుకే వేలాడుతుంటే, జనం వచ్చేదాకా ఒక్కణ్ణే పట్టుకున్నాను. అరచేతుల తోలు ఊడిపోయింది. కట్లతో పదో తరగతి పరీక్ష రాయలేకపోయాను. నువ్వు రాశావు, చదివావు, అంత దూరం పోయావు. నేను మడక పట్టి పొలం దున్నుకున్నాను. ఆ సాయంత్రం నువ్వు నా కాళ్లు పట్టుకుని, "మా నాయనకు చెప్పొద్దప్పా, సంపేస్తాడు" అన్నావు. మీ నాయన బదరీనారాయణ శెట్టికే కాదు, ఎవరికీ చెప్పలేదు. నేను దాచిపెట్టినదాన్నే తిప్పి నా ముఖానికి పూశావు.

కోపం లేదని రాయను. కడుపు మండిపోతోంది. నీ పరువు నీ బిడ్డ ముందే పోవాలని కోరుకున్నాను. అయినా నీ ఉప్పు తిన్నానని ఆ యాభై రెండు రోజులూ నోరు విప్పలేదు.

చెల్లెమ్మకని మా ఇంటిది రామలక్ష్మమ్మ శనక్కాయల పొడి పంపుతోంది. జాడీలో పోసి పెట్టుకోమను.

ఇట్లు,
నీ బావి దగ్గరి నేస్తం
చౌడప్ప

తా.క.: పైన ఒక అబద్ధం రాశాను. నోరు మూసుకున్నది యాభై ఒక్క రోజులే. చివరి రోజు నన్ను తన కారులో విమానాశ్రయంలో దించింది అంజలే కదా. పెట్టె అందిస్తూ నా అరచేతుల్లో తాడు కోసిన మచ్చలు చూసింది. మా నాన్న చేతులు నున్నగా ఉంటాయి, మీవి ఎందుకిలా ఉన్నాయి మామా అని అడిగింది. అంతా చెప్పేశాను. నాన్న తనంతట తనే నిజం చెప్పేదాకా ప్రతి ఆదివారం అడుగుతూనే ఉంటానంది.

నువ్వు చెప్పిన ప్రతిసారీ రికార్డు చేసి నాకు పంపుతోంది. ఎర్రన్న, నేను ఆ బావి గట్టు మీదే కూర్చుని వింటున్నాం. నీ కథలో జూన్‌లో ముప్పై అడుగులున్న బావి మొన్నటికి అరవై అయింది. "ఇంగోసారి పెట్టన్నా, నన్ను యాడిదాకా దించుతాడో సూస్తాం" అంటున్నాడు ఎర్రన్న.

ఈ ఆదివారం మీ ఇంటికి చుట్టాలు వస్తున్నారట. అంజలి మళ్లీ అడుగుతుంది. చెప్పేటప్పుడు చేతులు బల్ల మీదే పెట్టు.