సామ్యేలు మాష్టారి కోసం ప్రార్థన

నరసరావుపేట,
13 జూలై 1948

చిరంజీవి దయామణిని ప్రభువు చల్లగా చూడాలని దీవించి అమ్మ రాసేది. ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం. మీ నాన్నకు దగ్గు తగ్గింది, సణుగుడు మాత్రం తగ్గలేదు. నకరికల్లు వైపు ఇంకా వాన చినుకు లేదు.

నీ ఉత్తరం అందింది. డాక్టరేటు పరిశోధనలో చేరాలంటే ఎమ్మెస్సీలో సెకండు క్లాసు, గైడుగా ఉంటానని ప్రొఫెసరు ఒప్పుదల, చదువు చెప్పిన ఇద్దరి సిఫారసు ఉత్తరాలు కావాలని ముందే రాశావు. అన్నీ సమకూరినా, బీయెస్సీలో కెమిస్ట్రీ చెప్పిన సామ్యేలు మాష్టారు మాత్రం నీకు మొహం మీదే ఇవ్వనన్నాడు. ఇప్పుడు ఆయన ఉత్తరం యూనివర్సిటీకి ఎలా చేరిందమ్మా అని అడుగుతున్నావు. చెబుతాను, కాస్త ఆగు.

ముందు నా కడుపుమంట విను. మే నెలలో నేనే ఆయన ఇంటికి వెళ్లాను. కూర్చోమని కూడా అనలేదు. "ఆడపిల్లకి రీసెర్చి ఏందమ్మా? పెళ్లి చేసి పంపియ్యండి" అన్నాడు. అదే ప్రొఫెసరు దగ్గర చేరడానికి, నీకన్నా తక్కువ మార్కులొచ్చిన తన బావమరిదికి మాత్రం ఉత్తరం రాసిచ్చాడు! ఆ ప్రొఫెసరు తీసుకునేది ఒక్కరినేనాయె. నాకు ఒళ్లు మండిపోయింది.

గురువు కదా, క్షమించమ్మా అని రాశావు. నీది మీ నాన్న మనసు. నాకు చేతకాలేదు.

ఇక దాచను. గుంటూరులో ఉద్యోగమైనా ఆదివారం మన గుడిలో ముందు బెంచీ ఆయనదే కదా. ప్రార్థన మనవులప్పుడు ఎవరు లేచినా పాస్టరుగారు ఆపరు. నేను లేచి కళ్లు మూసుకున్నాను. "ప్రభువా, నా బిడ్డ చదువుకు అడ్డం పడుతున్న సామ్యేలు మాష్టారిని క్షమించు" అన్నాను. గుడంతా ఆమెన్ అంది. పై ఆదివారం బావమరిది సంగతి కూడా విన్నవించాను.

తెల్లారేసరికి ఆయన మన గుమ్మంలో ఉన్నాడు. "ఉత్తరం పోస్టు చేశానమ్మా. ఇంక నాకోసం ప్రార్థన చెయ్యమాకండి" అన్నాడు.

"ఏం రాశారు?"

"ఉన్నదే రాశా. నేను చదువు చెప్పినోళ్లలో ఆ పిల్లే ఫస్టు."

తెలిసీ తొక్కిపెట్టాడన్నమాట! మంచినీళ్లయినా ఇవ్వకుండా పంపించాను. ప్రాణం ఎంత హాయిగా ఉందో!

మొన్న ఆదివారం ఆయన భార్య ప్రేమకుమారి లేచింది. "ప్రభువా, పగ పట్టిన మా సుందరమ్మక్కను క్షమించు. ఆమె మనసు మెత్తబరచు" అని ఏడ్చింది. మీ నాన్న అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నారు! అందరూ నా వంకే చూస్తుంటే ఏం చేసేది, నేనూ ఆమెన్ అన్నాను. కానీ దయా, లోపల మాత్రం, "నా బిడ్డకు సీటొచ్చాక మెత్తబరచు ప్రభువా, తొందరేం లేదు" అని చెప్పుకున్నాను.

ఇట్లు,
ఇంకా కోపం చల్లారని మీ అమ్మ,
సుందరమ్మ