కొత్త ఎర్ర వైనుకు జోడీ

ఏమండీ, మీతోపాటు వైను రుచిచూసే పెద్దాయనకు జలుబు తర్వాత వాసన తెలియడంలేదని పని మాన్పించేశారట. “ముక్కు పోతే ముద్ద పోయినట్టేనమ్మా” అంది పక్కింటి అక్క. 

ఇక్కడి తోటల ద్రాక్షలన్నీ కలిపి చేసిన, మీరు ఇంటికి తెచ్చిన ఆ కొత్త ఎర్ర వైను నేనే రుచి చూశాను. ముందు నేరేడు వగరు, వెనక మిరియాల ఘాటు. చేపతో తాగితే ఇనుము నాకినట్టుంది. వేయించిన మాంసంతో వగరు మెత్తబడింది. ఇవాళ యజమాని దీనికి తిండిలో జోడీ ఏదని అడిగితే మాంసమే అనండి. ఎప్పట్లాగే గ్లాసు తిప్పి వాసన చూడండి.

నిన్న కూరలో ఉప్పు వెయ్యడం మరిచాను. అత్తయ్య ముద్ద పక్కకు నెట్టేశారు. మీరేమో, “ఇవాళ కూర అదిరింది, ఇంకాస్త వెయ్యి” అన్నారు.