మొదటి గంట సెలవు

జూన్ 2, సోమవారం. ఉదయం 6.
పాత డైరీయే. వారాలు కలవవు. కొట్టేసి రాస్తున్నాను.
వారానికి మూడు రోజులు తిరువళ్ళూరులో డయాలిసిస్ మిషన్ నా రక్తం కడుగుతుంది. నా భార్య కస్తూరి కిడ్నీ ఇస్తానంది. రక్తం సరిపోయింది. డాక్టరు మాత్రం నా పొట్ట చుట్టూ టేపు వేశాడు. "షుగరు, బీపీ, కొవ్వు, ఈ పొట్ట, నాలుగూ ఒకే గుంపు దేవరాజులూ. ఇది తగ్గితేనే ఆపరేషన్. ఆమె కూడా కొంచెం తగ్గాల." నెలాఖరుకు మళ్ళీ టేపు.
నేటి నుంచి: నడక. వేపుళ్ళు బంద్. స్వీటు బంద్. నీళ్ళు చిన్న చెంబుడు, అంతే!
ఇంత సులువైన పనికి జనం ఎందుకు ఏడుస్తారో.

జూన్ 3, మంగళవారం
నడిచాను! మా మణవాళనగర్ నుంచి స్టేషన్ దాకా. వచ్చేటప్పుడు ఆటో. వెళ్ళింది నడకే కదా.
దాహం. ఐసు ముక్కలు చప్పరించాను. ఐసు నీళ్ళు కాదు, గడ్డ.

జూన్ 4, బుధవారం
గొప్ప సంగతి తెలిసింది!
పక్క మంచం ఎలుమలై ఈ మిషన్ మీద నాకంటే చాలా సీనియర్. సూదులు గుచ్చగానే డబ్బా తెరిచాడు. టమాటా సాదం అన్నం, అరటిపండు. మనకు రెండూ నిషేధం.
"బావా, మిషన్ తిరగతా ఉండేటప్పుడు తినింది మిషనే కడిగేస్తుంది. మొదటి గంట మనకు లీవు" అన్నాడు.
నర్సు ఎస్తేర్ అటుగా పోతూ, "అది పండు వరకేనన్నా, అదీ రవ్వంత" అంది. నర్సులు అలాగే అంటారు.

జూన్ 9, సోమవారం
మొదటి గంట: మైసూర్ పాక్, రెండు.
"పాకు కూడా మిషన్ కడిగేస్తుందా అన్నా?" అంది ఎస్తేర్.
"నెయ్యి మెత్తన కదా చెల్లీ, ఇంకా సులువుగా పోతుంది" అన్నాను. సైన్సు అందరికీ అబ్బదు.
ఇంట్లో కస్తూరి ఉడికించిన బీరకాయ తింటోంది. రోగం నాది, పథ్యం ఆమెది. విడ్డూరం!

జూన్ 13, శుక్రవారం
మొదటి గంట: బిర్యానీ.
నడక: లేదు. చెప్పు తెగింది. కస్తూరి తన చెప్పులేసుకుని తను పోయింది. స్వార్థం!

జూన్ 15, ఆదివారం. తిరుత్తణి.
బావమరిది నటరాజ్ మనవడికి కొండ మీద పుట్టు వెంట్రుకలు తీయించి చెవులు కుట్టించారు. కింద మండపంలో విందు. వడలు, కేసరి, పాయసం.
"మామా, ఈ పొద్దు మిషన్ లేదు" అంది కస్తూరి.
"రేపుంది కదా!" అన్నాను. జీతంలో అడ్వాన్సు తీసుకోమా? ఇదీ అంతే.
రసం మూడుసార్లు పోయించుకున్నాను. రసం నీళ్ళ లెక్కలోకి రాదు, వంట లెక్క.
సాయంత్రం 6. కాళ్ళకు చెప్పులు పట్టడం లేదు. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. లోపల పూండి డ్యాం నిండినట్టుంది. నటరాజ్ కారు తీస్తున్నాడు. భయంగా ఉంది.

జూన్ 16, సోమవారం
నిన్ననే మిషన్ ఎక్కించారు. పిక్కలు పట్టేసి అరిచాను.
"నీళ్ళు లాగినాము అన్నా. వడలు లోపలే ఉండాయి" అంది ఎస్తేర్.
పొద్దున ఎలుమలై చూడటానికి వచ్చాడు. "నేను టమాటా అంటిని గానీ అంగడంతా తినమంటినా బావా?" అని నా మీదే ఎగిరాడు. స్నేహితులంటే ఇంతే.

జూన్ 30, సోమవారం
టేపు. నా పొట్ట రెండు వేళ్ళ వెడల్పు పెరిగింది. కస్తూరి తగ్గింది. షుగరు, బీపీ అన్నీ బాగున్నాయట.
"అమ్మా, ఇచ్చే మీరు రెడీ. తీసుకునే మనిషి యాడ?" అన్నాడు డాక్టరు. నేను ఎదురుగానే ఉన్నాను.
బస్సులో పక్కన కూర్చుంటే అప్పుడు చూశాను. రవికె వదులై, పిన్నీసు పెట్టుకుంది. నేను మైసూర్ పాక్ తిన్న నెలంతా ఈమె నా కోసం ఒక కిడ్నీని సిద్ధం చేసింది. సిగ్గేసింది.
"ఇంక నువ్వు కడుపునిండా తిను" అన్నాను.
"ఎట్లా తినేది? నేను మళ్ళా లావైతే మొదట్నించీ టెస్టులంట. నీ పొట్ట తగ్గేదాకా నాకూ ఇదే మామా" అంది.

జూలై 1, మంగళవారం. ఉదయం 6.
కొత్తగా మొదలు! నడక. వేపుళ్ళు బంద్. స్వీటు బంద్. మొదటి గంటలో కూడా బంద్! ఈసారి కస్తూరి మీద ఒట్టు.
రేపు మాత్రం ఎలుమలై కూతురి సీమంతం. మిషన్ దగ్గరికే చక్కెర పొంగలి తెస్తానన్నాడు, వద్దంటే బాధపడతాడు. కాబట్టి శుక్రవారం నుంచి. కచ్చితంగా.
కస్తూరికి చెప్పాను. "సరే మామా, శుక్రవారమే" అని, తన పళ్ళెంలో రెండు ఇడ్లీలుంటే ఒకటి తీసి పక్కన పెట్టేసింది.
వృథా ఎందుకని అది నేనే తిన్నాను.