ఒక్కపొద్దున్న కుందేలు

బందరు,
17-8-1978, గురువారం ఉదయం.

మహారాజశ్రీ జకరయ్య గారికి,

జలాలుద్దీన్ సలాములు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గాని, ఇక్కడ కుశలం లేదు కాబట్టి ఆ మాట రాయను. నవంబరు నుంచి మాటల్లేని మనిషికి ఉత్తరం రాయడం నాకూ సరదా కాదు. మీరు మా అమ్మాయి అనీసాకి ఇచ్చిన తెల్లకుందేలు, అదే దూది, మేత ముట్టడం లేదు. ఇక్కడి పశువుల డాక్టరు గారు దివిసీమలో టీకాల క్యాంపుకి వెళ్ళారు, వారాంతం దాకా రారట. మీరు గుడివాడ పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. వేరే దిక్కు లేక రాస్తున్నాను.

జరిగింది చెప్తాను, నవ్వకండి. నిన్న అనీసా మొదటిసారి రంజాను ఒక్కపొద్దు ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల, సాయంత్రం ఇఫ్తార్ దాకా మంచినీళ్ళు కూడా తాగలేదు. పొద్దున వేసిన గడ్డిని దూది కూడా ముట్టలేదు. అది చూసి మా అమ్మ, పిల్లతోపాటు కుందేలు కూడా ఒక్కపొద్దుందని నలుగురికీ చెప్పింది. ఇక మా వీధి సంగతి మీకు తెలియంది కాదు. గొడుగులు బాగుచేసే నాగుల్ మీరాతో మొదలుపెట్టి అందరూ తీర్థానికొచ్చినట్టు వచ్చి చూసిపోయారు. ఎదురింటి సత్యవతమ్మ గారు సన్నజాజుల దండ తెచ్చి దాని మెడలో వేశారు. అది మూలన ముడుచుకుని కూర్చుంటే, ఎంత భక్తిగా కూర్చుందో అన్నారు.

సాయంత్రం ఖర్జూరం పెట్టాం. వాసన కూడా చూడలేదు. రంజాను మొదలైన దగ్గర్నుంచి ఖర్జూరాలు, అరటిపండ్లు, శనగ గుగ్గిళ్ళు పెట్టింది పెట్టినట్టు లాగించిన జీవి అది. అప్పుడు గాని ఇది భక్తి కాదని నాకు తెలియలేదు. మసీదులో పెద్దాయన్ని అడిగితే, నోరులేని జీవాలకి ఒక్కపొద్దు లేదు, వాటిని మాడిస్తే పాపం మనకే అన్నారు. ఈ పొద్దున చూస్తే పెట్టెలో ఒక్క పెంటిక లేదు. అమ్మ వాము నీళ్ళు పట్టించింది. దూది తినేదాకా తనూ తిననని అనీసా భీష్మించుకు కూర్చుంది. దాని తల్లి సయీదా బతిమాలి బతిమాలి అలిసిపోయింది.

ఉప్పెన తర్వాత దివిసీమలో పశువుల కళేబరాలు తగలబెట్టి మీరు తిన్నగా మా ఇంటికొచ్చిన రోజు, దొడ్లో పంపు దగ్గర స్నానం చేసి లోపలికి రమ్మంది అమ్మ. కలరా భయంతో అన్న మాట అది. మీ తాతల్ని పెద్దకులాల వాళ్ళు వాకిట్లో నిలబెట్టినట్టే మేమూ నిలబెట్టామని మీరు వెనుదిరిగి వెళ్ళిపోయారు. ఆ తగవు తర్వాత తేల్చుకుందాం. కోపం నా మీద ఉంచుకుని, మందు పిల్లకి పంపండి.

రోజూ గుడివాడలో ఆఫీసుకి వెళ్ళివచ్చే ఆనందరావు గారి చేతికి ఇస్తున్నాను. సాయంత్రం బండికి ఆయన చేతే జవాబు పంపవచ్చు.

ఇట్లు,
షేక్ జలాలుద్దీన్,
కోనేరు సెంటరు టైలరు, గుర్తుంటే.


గుడివాడ,
17-8-78.

జలాలుద్దీన్ గారికి,

నమస్కారం. నాకు కళ్ళకలక వచ్చింది. నేను చెప్తుంటే మా అమ్మాయి సరోజిని రాస్తోంది.

కుందేలు మేత మానితే రేపు చూద్దాంలే అనుకోకూడదు. దాని పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి, ఆగితే ప్రాణం మీదికొస్తుంది. దానికి వాంతి రాదు, లోపలికి పోయింది కిందనుంచే పోవాలి. వాము నీళ్ళు ఆపండి. ఖర్జూరం, పండు, గుగ్గిళ్ళు, రొట్టె ఏవీ దాని దగ్గరికి రానివ్వకండి. అవే లోపల పులిసి గాలి పుట్టిస్తాయి. గరిక ఒక్కటే వేయండి. ఇంకు ఫిల్లరు శుభ్రంగా కడిగి, గోరువెచ్చని నీళ్ళు నోటి పక్కనుంచి చుక్కచుక్కగా పట్టండి. తల పైకెత్తి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, జాగ్రత్త. చెవులు చల్లబడితే వేడినీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టండి.

పొట్ట తడిమి చూసి, మెత్తగా ఉందో, గట్టిగా ఉందో, డప్పులా బిగిసిందో రాయండి. ఈ మధ్య పెంటికలు ఎలా ఉంటున్నాయో కూడా రాయండి. పూలదండ తీసేశారనుకుంటాను.

జకరయ్య


బందరు,
18-8-78, శుక్రవారం ఉదయం.

జకరయ్య బావా,

ఇక మహారాజశ్రీలు నావల్ల కాదు. నీ కళ్ళు త్వరగా నయం కావాలని దువా చేస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే చేశాం. చెవులు చల్లగా ఉన్నాయి. నీళ్ళు సగం మింగుతోంది, సగం గడ్డం మీదుగా కారిపోతున్నాయి. ఉండుండి పళ్ళు కొరుకుతోంది, ఆ చప్పుడు వినలేకపోతున్నాను. పొట్ట డప్పులా లేదు, రొట్టెల పిండిముద్దలా గట్టిగా ఉంది.

పెంటికలు ఇదివరకు శనగ గింజంత ఉండేవి. ఈ మధ్య మిరియాలంత అయ్యాయి, కొన్ని వెంట్రుకతో గుచ్చినట్టు ఒకదానికొకటి అతుక్కుని పడేవి. ఇంకో సంగతి రాయడానికి మొహమాటంగా ఉంది. అది కొన్ని వేళల్లో మెత్తగా, ద్రాక్షగుత్తిలా వేసేది. వేసింది వేసినట్టు తనే నోటితో అందుకుని తినేది. అమ్మకి అసహ్యం వేసింది. అందులో రంజాను నెల. బుట్టలల్లే ఎల్లయ్య చేత వెదురు తడక చేయించి పెట్టె అడుగున వేయించింది. ఇప్పుడవి కిందికి పడిపోతాయి, వెంటనే ఊడ్చేస్తున్నాం.

అనీసా నిన్న మంచినీళ్ళతో ఒక్కపొద్దు విడిచి మొహం తిప్పుకుంది. ఇవాళ ఒక్కపొద్దు వద్దని ఒప్పించామే గాని, అన్నం మాత్రం ముట్టలేదు. ఎవరు బతిమాలినా పెట్టె ముందునుంచి లేవదు. నాకు భయంగా ఉంది బావా. కుందేలు పోతే ఇంకోటి తేవచ్చు. కాని తనతోపాటు ఒక్కపొద్దు ఉండబట్టే అది చచ్చిపోయిందని ఈ పిల్ల అనుకుంటుంది. ఆ మాట జన్మంతా మోస్తుంది. దానికి నేనేం చెప్పను?

నీ
జలాలుద్దీన్


గుడివాడ,
18-8-78.

జలాలుద్దీన్‌కి,

డప్పులా లేదన్నావు, అదొక మేలు. ఒకవేళ బిగిస్తే మాత్రం నోట్లో ఏమీ వేయకు, దొరికిన బస్సు పట్టుకుని ఇక్కడికి తీసుకొచ్చెయ్యి.

ముందు ఆ తడక పీకెయ్యి. ఆ మెత్తటి గుత్తి దాని రెండో భోజనం. మేతలో సారమంతా ఒక్కసారికి ఒంటికి పట్టదు, అందుకని రెండోసారి తింటుంది. గేదె నెమరేస్తే మనం అసహ్యపడుతున్నామా?

గరిక మెత్తగా నూరి, నీళ్ళలో పలచగా కలిపి, ఫిల్లరుతో పట్టండి. ఒక చుక్క మింగాకే ఇంకో చుక్క. అరచేత్తో పొట్టని ముందునుంచి వెనక్కి నిమరండి, నొక్కవద్దు. పెట్టెలోంచి తీసి గచ్చు మీద వదలండి. అది నాలుగడుగులు వేస్తే పేగులూ కదులుతాయి. డాక్టరు గారు ఊళ్ళోకి వచ్చారని తెలిస్తే వెంటనే చూపించండి.

అనీసాకి చెప్పు. ఇది ఒక్కపొద్దు వల్ల వచ్చింది కాదు. పెంటికలు చిన్నవైంది గుగ్గిళ్ళు మొదలయ్యాకే, పిల్ల ఒక్కపొద్దు ఉండటానికి చాలా ముందే. అది తినకపోవడం అప్పటికే వచ్చిన రోగం. పిల్ల తప్పు ఇందులో ఎక్కడా లేదని నేను చెప్పానని చెప్పు.

జకరయ్య


బందరు,
19-8-78, శనివారం ఉదయం.

బావా,

వేసింది! దూది పెంటికలు వేసింది!

నిన్న నీ ఉత్తరం అందగానే తడక పీకి అవతల పారేశాను. గరిక అమ్మే నూరింది. సయీదా పట్టుకుంటే నేను ఫిల్లరుతో పట్టాను. అనీసాకి నీ మాట చదివి వినిపించాను. అది దగ్గరికొచ్చి పొట్ట నిమరడం మొదలుపెట్టింది. మసీదులో ఇఫ్తార్ అజా అయింది. ఎవరికీ పళ్ళెం ముందు కూర్చోబుద్ధి కాలేదు, ఒక్కో గుక్క నీళ్ళు తాగి మళ్ళీ దాని చుట్టూ చేరాం. గచ్చు మీద వదిలితే రెండు గెంతులు గెంతి ఆగిపోయింది. ఇక అయిపోయిందనుకున్నాను. ఇంతలో అమ్మ కేకేసింది. ఆ తోకకింద మిరియం గింజంత పెంటిక! నేల మీద దుమ్ము కనపడితే సహించని మనిషి, దాన్ని వేళ్ళతో తీసి అరచేతిలో పెట్టుకుని, దీపం దగ్గరికి తెచ్చి అందరికీ చూపించింది. తర్వాత ఇంకోటి, ఆ తర్వాత నాలుగు. ఈ పొద్దున గరిక దానంతట అదే కొరికింది. అనీసా కిచిడీ తిని, మళ్ళీ పెట్టించుకుని, తింటూ తింటూనే నిద్రపోయింది.

ఇప్పుడు అమ్మ మాట. నేను కల్పించి రాయడం లేదు. పొద్దున నీకు ఉత్తరం రాస్తున్నానంటే, పక్కన కూర్చుని ఉర్దూలో చెప్పింది, నేను తెలుగులో పెడుతున్నాను. "వాణ్ణి రమ్మని రాయి. ఏ ఒంటితో వస్తే ఆ ఒంటితోనే లోపలికి రమ్మను." ఆ తర్వాత కాసేపు ఏడ్చింది. కలరా అనీ భయమనీ నేను నీతో ఎంత వాదించినా, అమ్మ మాత్రం ఆ మాట ఎత్తలేదు.

పండక్కి నువ్వు రావాలి. సంతోషమ్మ చెల్లెల్నీ, సరోజినినీ తీసుకురా.

నీ
జలాలుద్దీన్


గుడివాడ,
20-8-78, ఆదివారం.

జలాలుద్దీన్‌కి,

సంతోషం. కాని అప్పుడే గెలిచామనుకోకు. కొన్నాళ్ళపాటు గరికా నీళ్ళూ తప్ప వేరే ఏదీ వద్దు, వీధిలో వాళ్ళు ఎంత ముద్దుగా పెట్టినా సరే. వెంట్రుకలు రాలుతుంటే దువ్వెనతో తీసెయ్యండి, లేకపోతే నాకి మింగుతుంది. రోజూ పొద్దున దాని మొహం కంటే ముందు పెంటికలు చూడండి. తగ్గినా, చిన్నవైనా ఆ పూటే డాక్టరు గారికి చూపించండి.

పండక్కి వీలు చూస్తాను. ఆసుపత్రిలో పని ఎక్కువగా ఉంది.

జకరయ్య

తా.క.: మావయ్య గారూ, నేను సరోజినిని. పై ఉత్తరం నేనే రాశాను, నాన్న చెప్పలేదు. ముందరి ఉత్తరాలూ అంతే. నాన్నకి కళ్ళకలక లేదు. గురువారం కవరు మీద మీ దస్తూరీ చూసి, విప్పకుండానే కిటికీలో పడేశారు. నేను విప్పి చదివాను. మా కాలేజీ స్నేహితురాలి కుందేలని చెప్పి, నాన్న అన్నం తింటున్నప్పుడు ఒక్కొక్కటే అడిగి, ఆయన చెప్పిందే మీకు రాశాను.

శుక్రవారం కూడా అలాగే అడిగాను. తడక గురించి, నూరిన గరిక గురించి అన్నీ చెప్పి, చెయ్యి కడుక్కుంటూ, "ఇంతకీ అనీసా అన్నం తిన్నదా?" అన్నారు. నేను ఆ పేరే ఎత్తలేదు. మీ ఉత్తరాలు నా పుస్తకంలోంచి ఎప్పుడు తీసి చదివారో తెలియదు. "పిల్ల తప్పేమీ లేదని నేను చెప్పానని రాయి" అని, కండువా భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. మీకొచ్చిన వాటిలో ఆ మాట ఒక్కటే ఆయన స్వయంగా పంపింది.

నిన్న అమీనా బీ మామ్మగారి మాట పైకి చదివాను. పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని విన్నారు.  ఇవాళ ఈ ఉత్తరం రాసి, రేపు ఆనందరావు గారికిద్దామని మడత పెడుతున్నాను. చర్చికని తెల్లచొక్కా వేసుకున్న మనిషి, చేతిసంచీలో గరిక కుక్కుకుని, బందరులో పనుందని అమ్మతో చెప్తున్నారు. అందుకే ఈ నాలుగు ముక్కలూ గబగబా చేర్చి, కవరు ఆయన చేతికే ఇస్తున్నాను. లోపల ఏముందని అడగరు.

ఇది మీ చేతికిచ్చిన మనిషి ఇప్పుడు మీ వాకిట్లోనే నిలబడి ఉంటారు. తనంతట తాను లోపలికి రారు. మామ్మగారిని పిలవమనండి.