పన్నెండు లక్షల గళ్ళు

నాయనకు,

రంజని నమస్కారం. ఈడ నేనూ అమ్మా బాగుండాము. నగరిలో అత్త ఇంటికి పోయినాక నీ దగ్గు కొంచెం తగ్గిందనీ, ఆమె కాచిన కషాయం పెరట్లో పారబోస్తా ఉండావనీ నీ జాబులో చదివి అమ్మ నవ్వింది. పారబోయబాక. ఫోనులో చెప్పేదానికి లేదు, ముప్పై ఏండ్ల సుత్తి దెబ్బలకు నీ చెవులు పోయినాయి. నేను అరిస్తే మేడమీదోళ్ళు దిగి వస్తారు. నా తెలుగులో తప్పులుంటే దిద్దుకో. కాలేజీలో రాసేది ఇంగ్లీషు, మాట్లాడేది తమిళం.

రెండు వారాలుగా వాన. వ్యాసర్పాడి సబ్‌వేలో నీళ్ళు నిలిచి, బస్సు ఊరంతా చుట్టి పోతా ఉండాది. అమ్మ జార్జి టౌనుకు పోయి నీకు మఫ్లరు కొనింది. రంగు బాగలేదు. అది ఆమెతో అనబాక.

గాలి కంటికి కనపడదు గదా, కంప్యూటరు ఎట్లా చూస్తాదని అడిగినావు. అది చూడదు నాయనా. మా కాలేజీ ప్రాజెక్టుకని మీ వెల్డింగు షెడ్డులో ఉండే గాలినంతా చిన్న చిన్న గళ్ళుగా కోసినాము, పన్నెండు లక్షల గళ్ళు. ఒక్కో గడిలోకి ఎంత గాలి వస్తాది, ఎంత పోతాదని అది లెక్క వేసుకుంటా పోతాది. గోడ యాడ, తలుపు యాడ, గాలి యా పక్క నుంచి ఎంత జోరుగా వస్తాది, ఈ అంచుల సంగతి మాత్రం మనం చెప్పాల. తప్పు చెప్పినా అది గొణగదు. ఆ తప్పునే పట్టుకుని బుద్ధిగా లెక్క కడతాది. చివర్లో రంగురంగుల బొమ్మ ఇస్తాది. మా బొమ్మలో వెల్డింగు పొగ నీ బల్ల మీద నుంచి పక్కకు జరిగి, నీ వెనక గోడకు పెట్టిన ఫ్యానులో దూరి బయటికి పోయింది. వైవా పరీక్షలో అందరూ మెచ్చుకున్నారు.

ఇంక నీ రెండో ప్రశ్న. ఫ్యాను పెట్టినారా, ఒకటో తేదీకి వచ్చి పనిలో చేరొచ్చా అని.

పెట్టినారు. ఓనరు రామసామి మా రిపోర్టు చేతిలో పట్టుకుని, చెప్పిన చోటనే పోయిన గురువారం బిగించినాడు. శుక్రవారం సాయంత్రం చెంగల్రాయుడు మామ మనింటికి వచ్చినాడు. నీ బల్ల కాడ ఇప్పుడు ఆయనే గదా నిలబడేది. పొగ ముందుకన్నా ఎక్కువైందని అమ్మకు మెల్లగా చెప్పి, కాఫీ తాగి పోయినాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండు.

శనివారం నేనే పోయినాను. పెద్ద షట్టరు నడుము ఎత్తు తెరిచే ఉండాది. పొడుగు పైపులు లోపల పట్టవు, సగం రోడ్డు మీద ఉంటాయి, అందుకని పొద్దున్నుంచీ అట్లనే ఉంచుతారంట. మా లెక్కలో ఆ షట్టరు మూసి ఉండాది. మూస్తే పై కిటికీల గాలి దిగి పొగను పక్కకు తీసుకుపోతాది. తెరిస్తే రోడ్డు మీది గాలి దాన్ని నేరుగా ఫ్యాను వైపుకు తోస్తాది. మధ్యలో మనిషి ఉండాడు. నీ బల్ల మీద ఊదొత్తి వెలిగించి, నువ్వు నిలబడే చోట నిలబడినాను. పొగ నా మొహం మీదుగా పోయింది. నాకు చానా భయమేసింది.

ఇంతవరకూ రాసింది చెంగల్రాయుడు మామ కూడా నీకు చెప్పగలడు. ఇది నేనే చెప్పాల. రిపోర్టులో మేము షెడ్డుకు పోయి మూడు దినాలు గాలి వేగం కొలిచినామని రాసినాను. పోలేదు. ఓనరు పంపిన ప్లాను కాగితం చూసి గీసినాను, వేగాలు నేనే ఊహించి వేసుకున్నాను. పోతే నాతో కలిసి ఈ ప్రాజెక్టు చేసే శ్యామ్ కూడా వస్తాడు. అప్పుడు నువ్వు ఆడ పనిలో ఉండావు. మా నాయనది పెరంబూరులో ఆఫీసు ఉద్యోగమని మొదటి సంవత్సరం నుంచీ కాలేజీలో చెప్పుకుంటా వచ్చినాను. మసి బట్టల్లో నిన్ను చూస్తాడని పోలేదు నాయనా. అంతే కారణం. ఇది రాస్తా ఉంటే సిగ్గుగా ఉండాది.

సోమవారం మా ప్రాజెక్టు గైడు వసంతలక్ష్మి మేడంకు అంతా చెప్పినాను. ఆమె కేకలేయలేదు. “ఫ్యాను ఇప్పుడు తిరుగుతోందా?” అని అడిగి, అక్కడికక్కడే ఓనరుకు ఫోను చేసి ఆపించింది. నా మార్కులు రద్దయినాయి. ఇంకో ఆరు నెలలు ఎక్కువ చదవాల. జూన్‌లో చేరాల్సిన ఉద్యోగం సంగతి తెలీదు. శ్యామ్ నాతో మాట్లాడడం లేదు, అతని తప్పు కాదు.

నువ్వు ఒకటో తేదీకి రాబాక. నా లెక్కను నమ్మి రాబాక.

మళ్ళీ మొదటి నుంచి చేస్తా ఉండాను. ఈసారి కొలతలు కావాల. షట్టరు ఎన్ని గంటలు యా ఎత్తున ఉంటాది, వానకు దించుతారా, వెల్డింగు చేసేటప్పుడు నువ్వు తల యా పక్కకు వంచుతావు, అన్నీ నిదానంగా గుర్తు చేసుకుని రాయి. షెడ్డు గురించి సమాచారం ఇచ్చినవారు ఎవరు, ఏం పని, మీకు ఏమవుతారు అని కాలేజీ ఫారంలో మూడు గళ్ళు ఉండాయి. నిన్న నింపి శ్యామ్ చేతికే ఇచ్చినాను, ఆఫీసులో ఇమ్మని. నాగలింగం. వెల్డరు. మా నాయన.

ఇట్లు,
నీ బిడ్డ
రంజని