మీ కారుకి పడే ఆయిల్

ఏమండీ,

ఇవాళ మీ సంవత్సరీకం. మీ తమ్ముడు తన కొత్త కారుకి వాడే పల్చటి ఆయిల్ తెచ్చి మీ అంబాసిడర్‌లో పోసి, చీరాల దాకా తిప్పుకొచ్చాడు. "ఖరీదైన ఆయిల్ వదినా" అన్నాడు. వాకిట్లో ఆపాక ఆయిలంతా కారిపోయి, పక్కన ఆరబోసిన మిరపకాయలు పాడయ్యాయి.

"పాత ఇంజనయ్యా అది! ఆయిల్ కారకుండా ఆపే సీళ్ళు అరిగిపోయాయి. మన ఎండలకి చిక్కటి ఆయిలే పొయ్యాలి!" అని చెడామడా తిట్టాను.

నోరు నాది, మాటలు మీవి. అన్నం తింటూ కూడా అవే చెప్పేవారుగా! రోజూ పొద్దున్నే ఆ ఆయిల్‌ని వేళ్ళ మధ్య రుద్ది చూసుకునేవారు. వంకాయ తింటే నాకు ఒళ్ళంతా దద్దుర్లొస్తాయని మాత్రం చివరిదాకా మీకు తెలీదు.

మీకిష్టమని ఇవాళ గుత్తివంకాయ చెయ్యమంది మీ అక్కయ్య.

చెయ్యలేదు.