మనం అంటే ఎవరెవరు

మార్చి 4
ఫెలోషిప్ ఫారం డౌన్‌లోడ్ చేశాను. ముప్పై అయిదు దాటితే అర్హత లేదు. నాకు మేలో దాటుతుంది. ఇప్పుడు రాకపోతే ఇక పీహెచ్‌డీ మాట మర్చిపోవడమే.

టాపిక్ రెడీ. స్ట్రోక్ వచ్చి మాట పడిపోయినవాళ్లకి ముందుగా ఏ మాట తిరిగొస్తుంది అని. రికార్డింగులు నలభై ఒకటి ఉన్నాయి. అన్నీ అక్కవి. అక్క ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టు. పోయి పదకొండు నెలలు. పెన్‌డ్రైవ్ నా దగ్గరే ఉండిపోయింది.

‘సమాచారం సేకరించినది ఎవరు?’ అని ఒక గడి. అభ్యర్థే అయితే ప్రాధాన్యం. నా పేరు రాసేశాను. ఎవరికి తెలుస్తుంది?

మార్చి 9
గైడ్ మేడమ్ డ్రాఫ్ట్ తిరిగిచ్చారు. నాలుగు ఎర్ర సున్నాలు. నాలుగింట్లోనూ ఒకటే మాట. ‘రోగికి మనం కత్తెర చూపించాం.’ ‘మనం అడిగాం.’ మనం ఏమిటమ్మా, నేనొచ్చి నీ పక్కన కూర్చున్నానా, ఒక్కదానివే చేశావుగా, నేను అని రాసుకో, అని నవ్వారు. కనీసం మేము అన్నా కొంత నయమట.

అలా రాసినట్టు నాకు గుర్తే లేదు.

మార్చి 10
మార్చాను. ప్రింట్ తీశాను. అయిదో పేజీలో ఇంకొకటి. మేడమ్ సున్నా చుట్టనిది.

మార్చి 16, మధ్యాహ్నం
ఒక రికార్డింగ్ శాంపుల్ జతచేయాలి. అక్క గొంతు ఉంటే దొరికిపోతాను. అక్క రోగుల్లో ఒక దర్జీ తాతగారిది తీసుకుని, అక్క మాటలు కోసేసి, అవే ప్రశ్నలు నా గొంతుతో పెట్టాను.

అక్క రోగులతో ఎప్పుడూ అంతే. మనం మందులేసుకున్నామా, మనం ఇవాళ దీని పేరు చెప్పేద్దామా, అని చంటిపిల్లల్ని అడిగినట్టు. ఎన్నిసార్లు వెక్కిరించానో. నేను మాత్రం ‘ఇదేమిటి, చెప్పండి’ అనే అడిగాను. అడిగాననుకున్నాను. స్పీకర్లో పెడితే నా గొంతు ‘మనం చెబుదామా’ అంటోంది.

తాతగారు ఆయాసపడ్డారు. చాలాసేపటికి, కత్తెర అనాల్సింది, ‘మనం’ అన్నారు. అక్కడ అక్క చప్పట్లు కొట్టింది. అవీ కోసేశాను. ఉత్త నిశ్శబ్దం.

వంటింట్లోంచి అమ్మ తడిచేతులతో పరిగెత్తుకొచ్చింది. గదంతా కలయజూసింది. అది వచ్చిందనుకున్నానే అంది. నా గొంతేనమ్మా అన్నాను. నీది కాదు, దానిదే, నాకు తెలీదా అంది.

భయమేసింది. ఆ తర్వాత సిగ్గేసింది.

మార్చి 17
కోసినవన్నీ మళ్లీ అతికించాను. చప్పట్లు కూడా.

మార్చి 20
గడిలో అక్క పేరు రాశాను. మేడమ్ తల పట్టుకున్నారు. చేతికందేదాన్ని కాలదన్నుకుంటున్నావు అన్నారు. నిజమే. బాత్రూంలోకెళ్లి ఏడ్చాను. వచ్చి సబ్‌మిట్ నొక్కాను.

మార్చి 27
ఆఫీసు నుంచి మెయిల్. దరఖాస్తు నిండా ‘మనం’ అనే ఉందట, ఉమ్మడి దరఖాస్తులు చెల్లవు, అభ్యర్థి ఒక్కరా ఇద్దరా తెలపమని.

ఒక్కదాన్నే అని రాసి పంపాను. మొత్తం దరఖాస్తులో అబద్ధం అదొక్కటే.